సాకు అని పిలిస్తే

వాన పడుతోంది.

బయట కాదు. బయట ఎండ మండిపోతోంది, పేరేసంద్ర వైపు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. వాన పడేది లోపల, పట్టుపురుగుల షెడ్డులో. వేలంత లావైన పురుగులు మల్బరీ ఆకు మీద పడి తింటున్న చప్పుడు అది. సర సర సర... రేకుల మీద సన్నజల్లు కురిసినట్టే ఉంటుంది.

పురుగు పొర విడిచేముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని ఈ వైపు జ్వరం అంటారు. ఆఖరి జ్వరం దాటి లేచిన పురుగుకి ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు.

సాకమ్మ గోడకి ఇవతల నిలబడి ఆ వాన వింటోంది. తల తడిగా ఉంది. ఎందుకు తడిసిందో తర్వాత.

ఇవతల... అదీ చిక్కు.

ఏళ్ళ తరబడి ఆమె ఉన్నది ఆ గోడకి అవతలే. ఇప్పుడు తలుపు దగ్గర తమ్ముడు అంబరీష్ కూర్చున్నాడు. ఆదివారం చర్చికి పోవడమన్నా మానాలి, షెడ్డులో అడుగు పెట్టడమన్నా మానాలి, ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.

చెప్పేముందు ఆమె పేరు సంగతి తెలియాలి. గొడవంతా అక్కడే మొదలైంది.

నాయన మునివెంకటప్పకి వరసగా ముగ్గురు ఆడపిల్లలు. మళ్ళీ భార్య కెంపమ్మ నొప్పులు పడుతుంటే ఆయన గడప బయట కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు. మంత్రసాని తలుపు తీసింది. నోరు విప్పకముందే ఆమె మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. లేచాడు. పంచె దులుపుకున్నాడు. ఊరి అమ్మవారి వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు.

"సాకు తల్లీ."

సాకు అంటే కన్నడంలో చాలు. మనిషి ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్లల్ని ముద్దు చేసినా తెలుగే, తిట్టినా తెలుగే. కానీ కర్ణాటకలో ఈ వైపు అర్జీ ఏదైనా కన్నడంలోనే పెట్టుకోవాలి కదా — తాలూకాఫీసులోనైనా, దేవత దగ్గరైనా. ఆయన పెట్టుకున్నది అర్జీ. పిల్లకి అదే పేరైంది.

సాకమ్మ.

ఇంక చాలమ్మ. ఇంక వద్దమ్మ.

అర్జీ మంజూరైంది. తర్వాతి కాన్పులో అంబరీష్ పుట్టాడు. నా బిడ్డ పేరు ఫలించిందప్పా అని మునివెంకటప్ప ఊరంతా చెప్పుకున్నాడు. అలా ఆ ఇంట్లో సాకమ్మకి కూడా ఒక గౌరవం దక్కింది. తలుపుకి వేసిన గడియకి ఎంత గౌరవం ఉంటుందో అంత.

బళ్ళో ఇంకో తమాషా.

చెన్నరాయప్ప మేష్ట్రు కన్నడం చెప్పేవాడు. పిల్లలు గోల చేస్తే బెత్తంతో బల్ల మీద కొట్టి "సాకు!" అని అరిచేవాడు. గోల ఆగిపోయేది. సాకమ్మ మాత్రం లేచి నిలబడేది.

"ఆఁ... వస్తాండా సార్."

క్లాసంతా పగలబడి నవ్వేది. మేష్ట్రు కూడా నవ్వేవాడు. పాపం, మంచివాడే, కానీ నవ్వు ఆపుకోలేని మంచివాడు. కొన్నాళ్ళు లేచింది, నవ్వించింది. తర్వాత లేవడం మానేసింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకడమే మానేసింది. వాళ్ళు అంటున్నది ఏ సాకో ఎవరికి తెలుసు? ఊరుకుంటే నవ్వులైనా తప్పుతాయి.

పలకని పిల్లకి పొగరు అని ఊళ్ళో పేరొచ్చింది. పోనీ, రెండో పేరు.

ముగ్గురు అక్కల పెళ్ళిళ్ళు అయ్యేసరికి నాయనకి ఓపిక అయిపోయింది. సాకమ్మ పెళ్ళి మాటెత్తితే "చూద్దాం" అనేవాడు. చూద్దాం, చూద్దాం అంటూనే పోయాడు.

ఆమె ఏమైనా ఖాళీగా ఉందా? అమ్మ పొలానికి పోతే తమ్ముణ్ణి చంకనెత్తుకున్నది ఆమే. వాడికి ముద్ద చల్లార్చి పెట్టింది, ముక్కు తుడిచింది, బడికి తోలింది. వాడికి మీసాలొచ్చాయి. ఆశాని పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు సాకమ్మ చెయ్యి పురుగుల మీద పడింది. వెంట్రుకంత పురుగుకి లేత ఆకు సన్నగా తరిగి వేసేది. పెరిగేకొద్దీ కొమ్మలు పరిచేది. పండిన పురుగుల్ని ఏరి, చంద్రికలనే వెదురు తడికల మీద వదిలేది. అవి అక్కడ గూడు కట్టుకునేవి. గూళ్ళు మూట కట్టుకుని అంబరీష్ మార్కెట్టుకి పోయేవాడు. గూళ్ళు బాగుంటే "అంబరీష్ గూళ్ళు" అనేవారు. బాగాలేకపోతే "సాకమ్మ ఏం చేసిందో" అనేవారు.

ఇక్కడ తెలుగు కూడా ఆమె పక్షాన నిలబడలేదు. తెలుగులో సాకు అంటే నెపం. ఇంట్లో ఏ పొరపాటు జరిగినా ఎవరో ఒకరి మీదికి నెట్టాలి కదా... అదేదో పేరులోనే సిద్ధంగా ఉంది.

అలా రోజులు పోతుండగా కెంపమ్మకి ఊపిరి ఆడలేదు. చిక్కబళ్ళాపురంలో మిషన్ వాళ్ళ ఆస్పత్రిలో చేర్చారు. సాకమ్మ అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, గోడకి ఆనుకుని, కునుకు తీస్తోంది. తెల్లారుతోంది. ఎక్కడో ఫినాయిల్ వాసన, బకెట్టు చప్పుడు.

పక్క మంచంలో ఒక ముసలమ్మ ఏడుస్తోంది. కొడుకులు చూడ్డానికి రాలేదు. నర్సు ప్రమోద ఆమె దగ్గరికి వచ్చింది. ప్రమోద మైసూరు వైపు మనిషి, తెలుగు రాదు. ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. మెల్లగా, ఆగి ఆగి అంది —

"దేవర దయె నినగె... సాకు."

దేవుడి దయ నీకు చాలు. ఆమె అన్నది అంతే.

సాకమ్మ లేచి నిలబడింది.

"ఆఁ... వస్తాండా."

నోరు జారింది. ఇన్నేళ్ళ తర్వాత! కునుకులో ఉన్న మనిషికి తన పేరు వినిపించింది. ఆ గొంతులో విసుగు లేదు. బెత్తం లేదు. అందుకే లేచింది. లేచాక తెలిసింది, మళ్ళీ పాత తప్పే చేశానని. మొహం కందిపోయింది. తల వంచుకుని నవ్వు కోసం కాచుకుంది...

నవ్వు రాలేదు.

ప్రమోద తిరిగి చూసింది. "నిమ్మ హెసరా?" అని అడిగింది. మీ పేరా అని. సాకమ్మ తల ఊపింది. ప్రమోద కాస్త ఆలోచించి రెండో చెయ్యి చాపింది.

"హాగాదరె బన్ని."

అయితే రండి.

సాకమ్మ వెళ్ళింది. ముసలమ్మ చెయ్యి ఒకవైపు, సాకమ్మ చెయ్యి ఒకవైపు పట్టుకుని ప్రమోద ప్రార్థన చేసింది. ఏమేమి అడిగిందో సాకమ్మకి గుర్తులేదు. ఆ చెయ్యి గుర్తుంది. చల్లగా ఉంది, సబ్బు వాసన వేసింది.

ఆ రోజంతా ఆమె ఆ మాటని బెల్లంముక్కలా నోట్లో పెట్టుకు తిరిగింది. సాకు. ఇన్నాళ్ళూ ఆ మాట వినిపిస్తే ఎవరో విస్తరి పక్కకి తోసేస్తున్నట్టే ఉండేది. వద్దు, తీసుకుపో. కానీ కడుపు నిండినవాడు కూడా అదే మాట అంటాడు కదా. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ — చాలమ్మా, చాలు...

వద్దన్నా సాకే.

నిండినా సాకే.

మరి ఈ రెండోది నాకు ఎవరూ చెప్పలేదేం? ఆమెకి కోపం వచ్చింది. ఏడవాల్సిన చోట కోపం వచ్చింది. బతుకులో మొదటిసారి ఒంటికి పట్టిన కోపం. ఆ పూట ఆమె ఆస్పత్రి క్యాంటీన్లో ఇడ్లీలు మళ్ళీ పెట్టించుకుని తింది.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. చిక్కబళ్ళాపురంలో ప్రమోద పోయే చర్చికి సాకమ్మ ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టింది. పొద్దున్నే పురుగులకి ఆకు వేసి, చేతులు కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకునేది. హైవే మీద టీ అంగడి దగ్గర నిలబడితే బాగేపల్లి నుంచి వచ్చే బస్సు ఆగుతుంది. చర్చిలో వెనక గోడ దగ్గర చాప మీద కూర్చునేది. పాట రాకపోతే పెదాలు కదిపేది.

దేవుడి ఇంట్లో ఎక్కువైన బిడ్డ అంటూ లేదని ఒక పొద్దు పాస్టరయ్య చెప్పాడు. అందరూ తలలూపారు. సాకమ్మ ఊపలేదు. ఆ మాట నిజమో కాదో ఆమె ఇంకా తేల్చుకోవాలి. పురుగుల్ని పెంచినవాళ్ళు గూడు చేతికొచ్చేదాకా దేన్నీ నమ్మరు.

తేల్చుకోవడానికే మళ్ళీ వారం పోయింది. మళ్ళీ వారం కూడా.

ఎప్పుడు తేలిందో ఆమెకే తెలియదు. ఒక రోజు ఆకు కోస్తూ కోస్తూ చూసుకుంటే — తేలిపోయి ఉంది. గట్టు మీద కొడవలి పెట్టి కాసేపు కూర్చుంది. నేను గడియని కాదు, అనుకుంది. నేను మనిషిని. నన్ను ఎవరో కావాలనే పుట్టించినారు.

ఇంట్లో ఈ మార్పు మొదట ఆశా కంట పడింది.

"ఇంకొంచెం ముద్ద పెట్టు ఆశా," అంది సాకమ్మ ఒక పూట. "సారు గూడా పొయ్యి."

ఆశా చారు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోడలిగా వచ్చినప్పటి నుంచి వదిన మారు అడగడం ఆమె చూడలేదు. చాలమ్మ అని పేరు పెట్టుకుని ఇంకా కావాలంటుందేమిటి?

అడిగింది. తింది. పిలిస్తే పలికింది. పిలవకపోతే ఎందుకు పిలవలేదని అడిగింది. వదినకి నోరొచ్చిందని ఆశా మొగుడితో చెప్పింది.

అంతలో ఆ పంటకి సున్నంకట్టు తగిలింది. అది తగిలితే పురుగులు తెల్లగా, సుద్దముక్కల్లా బిగుసుకుపోతాయి. ముందు ఒక అరలో కనిపించింది, చూస్తుండగానే షెడ్డంతా పాకింది. ముసురు పడితే వచ్చే జబ్బు అది. ఆ వారమంతా ముసురే. చుట్టుపక్కల ఎన్ని షెడ్లు పోయాయో. కానీ ముసురుని తిడితే కడుపు చల్లారదు కదా, తిట్టడానికి మనిషి కావాలి.

సాకు దొరికింది.

"నువ్వు ఆ చర్చికి పోబట్టే అక్కా," అన్నాడు అంబరీష్. "ముందు షెడ్డులో దీపం పెడ్తాంటివి. ఇప్పుడు మానేస్తివి. పురుగులు పోయినాయి."

"పక్క షెడ్డు మునికృష్ణప్పోళ్ళు దీపం పెడ్తానే ఉండారు కదప్పా. వాళ్ళవి ఎందుకు పోయినాయి?"

"వాళ్ళ సంగతి నాకెందుకు? నా ఇంట్లో సంగతి నేను చెప్తాండా. ఆ దేవుడన్నా కావాల, ఈ షెడ్డన్నా కావాల. ఏదో ఒకటి చెప్పు."

నా ఇల్లు అన్నాడు. వాణ్ణి మోసిన చంక అది విన్నది.

అంబరీష్ చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు. పంట పోయినవాడికి భయం, భయపడ్డవాడికి గొంతు... ఆమెకి అదంతా తెలుసు. తెలిసినా తగ్గబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ తగ్గి తగ్గి నేలకి అంటుకుపోయింది, ఇంకెంత తగ్గాలి? అమ్మవారితో ఆమెకి పేచీ లేదు. ఆ తల్లి ఏం చేసింది పాపం! పేచీ అంతా నాయన అర్జీతోనే.

షెడ్డు కడిగారు. సున్నం కొట్టారు. కొత్త పురుగులు తెచ్చారు. ఈసారి ఆకు ఆశా వేస్తుందన్నాడు అంబరీష్. అనేసి తలుపు దగ్గర మంచం వేసుకున్నాడు.

సాకమ్మకి చేతులు ఊరుకోలేదు. అరుగు మీద అమ్మ కాళ్ళకి నూనె రాస్తూ అడిగింది.

"అమా. మన తెలుగులో సాకేది అంటే పెంచేది కదా. అందుకేమన్నా పెట్టినారా నాకు ఆ పేరు?"

కెంపమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ ఒక్క రోజు చెప్పి ఉంటే ఏం పోయేది?

"యాడిదే తల్లీ. ఇంక ఆడబిడ్డలు సాలనే పెట్టిండేది. మీ నాయన నీ మొగం గూడా సూడకనే పెట్టినాడు."

గుచ్చుకుంది. సాకమ్మ నూనె గిన్నె పక్కన పెట్టేసింది. మొగం చూడకుండా... మొగం కూడా చూడకుండా... తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"పోనీలేమా. పెట్టినోడు ఒకడు. పిలిచినోడు ఇంకొకడు."

ముసలామెకి ఏం అర్థమైందో. "ఇప్పుడు నన్ను సాకుతాండేది మాత్రం నువ్వే కదే," అని గొణిగి కళ్ళు మూసుకుంది.

బాప్తిస్మం రోజు దగ్గరపడింది. పాస్టరయ్య మంచి మనసుతోనే అన్నాడు, ఈ పేరుకి అర్థం బాగాలేదు కదమ్మా, కొత్త బతుక్కి కొత్త పేరు పెట్టుకుందువు అని. దయామణి. ఆమె మొదట విన్న మాటలో దయ ఉంది కదా, అందుకని. చర్చిలో ఆడవాళ్ళంతా బాగుంది, బాగుంది అన్నారు. నిజంగానే బాగుంది. నగల అంగడి బోర్డు మీద రాసుకోవచ్చు.

సాకమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ మాటలో దయ ఆయన్దయ్యా. సాకు నాది."

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పాస్టరయ్య ఓపికగా చెప్పాడు.

"అది పిలుపు కాదమ్మా. నర్సమ్మ ఇంకెవరికో చెప్తాంటే నువ్వు తప్పుగా విన్న్యావు. అంతే."

"తప్పుగానే విన్న్యా. తప్పుగా వినేటోళ్ళని ఆయన పిలవడా ఏమి?"

పాస్టరయ్య కళ్ళద్దాలు తీశాడు.

"ఆయన నన్ను ఆ పేరుతో పిలిస్తే లేసినా. ఇప్పుడు పేరు మార్చేసుకుంటే, రేపు మళ్ళా పిలిస్తే ఎవరు పలకల్ల?"

పాస్టరయ్య అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆదివారం ఆమె నెత్తిన నీళ్ళు పడ్డప్పుడు ఆయన పలికిన పేరు సాకమ్మ. ప్రమోద పక్కనే నిలబడి ఉంది. నీళ్ళు చెంపల మీదుగా మెడలోకి జారాయి. నాయన చూడని మొహం మీదుగానే జారాయి. ఆమె తుడుచుకోలేదు.

బస్సు దిగింది. నడిచింది. తల ఇంకా ఆరలేదు.

ఇప్పుడు గోడకి ఇవతల నిలబడి ఉంది.

వాన పడుతోంది... కానీ ఈ వాన సరిగ్గా లేదు. ఒక మూల జోరుగా ఉంది. ఒక మూల ఆగి ఆగి పడుతోంది. చివరి అరల వైపు అసలు చప్పుడే లేదు. ఆశా పాపం ఒక్కతే, ఎన్ని అరలకని వేస్తుంది? అక్కడ ఆకు అందని పురుగులు తలలెత్తి గాలిలో వెతుక్కుంటూ ఉంటాయి. అలా వెతుక్కునే తలలు సాకమ్మకి బాగా తెలుసు.

ఒక్క పురుగుని కూడా ఆమె ఏనాడూ ఇంక చాలు అనలేదు. ఇది ఎక్కువైంది అని ఒక్కదాన్ని కూడా పారెయ్యలేదు. ఆకు తక్కువైతే పక్క తోటకి పోయి బతిమాలి తెచ్చి వేసింది. దీనికి పేరేమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అమ్మ గొణిగింది, అంతే.

సాకడం.

తడి గోనె కింద దాచిన ఆకు తీసి బుట్టలో నింపింది. తడి తలకి తువ్వాలు బిగించి కట్టింది — పురుగుల మీద చుక్క పడకూడదు. బుట్ట చంకన పెట్టుకుంది. తమ్ముణ్ణి ఎత్తుకున్న చంకే.

తలుపు దగ్గర అంబరీష్ లేచి నిలబడ్డాడు.

"యాడికి?"

"ఆకేసేకి."

"చెప్పినా కదక్కా. ఏదో ఒకటి చెప్పమంటి."

"చెప్పేకే వచ్చినా. రెండూ నావే అంబరీషా. ఆయనా నావోడే, ఇవీ నావే."

గడప ముందు చెప్పులు విప్పింది. అంబరీష్ చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల ఆశా ఖాళీ తట్ట పట్టుకుని చూస్తోంది. అరుగు మీద కెంపమ్మ తలెత్తింది.

సాకమ్మ ఆగలేదు. ఇంకో అడుగు వేసింది.

అంబరీష్‌కి కూడా, నాయనకి వచ్చినట్టే, ఆ క్షణాన కన్నడమే వచ్చింది. ఊరంతా వినేలా అరిచాడు.

"సాకు!"

చెట్టు మీద కాకులు లేచాయి. ఆశా చేతిలో తట్ట జారింది. లోపల వాన మాత్రం ఆగలేదు.

సాకమ్మ మొహం నిండా నవ్వు వచ్చింది. బళ్ళో లేచి నిలబడిన పిల్ల, మళ్ళీ లేచింది.

"ఆఁ... వస్తాండా," అంది.

అని, తమ్ముడి చెయ్యి కింద నుంచి వంగి, బుట్ట ఒలకకుండా, గడప దాటింది.

వాడి చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత మెల్లగా గడియ మీదికి వచ్చింది. వేస్తాడో... తీసే ఉంచుతాడో...

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చివరి అరల దగ్గరికి పోయింది. ఆకు పరిచింది. చప్పుడు లేని మూల కాసేపు అలాగే ఉంది.

తర్వాత సర... సర సర...

బయట మబ్బు తునక కూడా లేదు.